చెవుల డబ్బాలో షీనా మాట

ఇరవై తొమ్మిదేళ్ళు ఇతరుల చెవులు పరీక్షించి బతికినవాణ్ని నేను. పటాన్‌చెరు దగ్గర భారీ యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారం దవాఖానాలో టెక్నీషియన్ ఉద్యోగం. ఇప్పుడు అలాంటి కొలువుల్లో చేరుతున్నవాళ్ళు అప్పుడప్పుడు పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. అనుభవాలంటే ఘనకార్యాల చిట్టా అనుకుంటారు పాపం. నా దగ్గర చెప్పుకోదగ్గది ఒక పెద్ద తప్పు. నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఆ తప్పే, కాబట్టి దాన్నే చెబుతాను. ఓపికుంటే వినండి, లేకపోతే చాయ్ తాగి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

మోత ఎక్కువగా ఉండే షాపుల్లో, అంటే యంత్రాల షెడ్లలో, పనిచేసేవాళ్ళకు ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయాలి. దవాఖానా వెనకవైపు లోపలంతా మెత్త పరిచిన చిన్న చెక్క గది ఒకటి ఉండేది, దానికో అద్దం కిటికీ. కార్మికులు దాన్ని చెవుల డబ్బా అనేవారు, నన్ను చెవుల సార్ అనేవారు. మనిషి లోపల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు, నేను బయట యంత్రం దగ్గర. సన్నని కూతలు వినిపిస్తాను, వినబడ్డప్పుడల్లా అతను మీట నొక్కుతాడు, నా ముందు దీపం వెలుగుతుంది. చాలామందికి అంతటితో సరి. క్రేన్ కింద నిలబడి బరువులను నడిపించే రిగ్గర్లకు మాత్రం ఇంకో పరీక్ష ఉంటుంది. నేను మైకులో మాటలు చదువుతాను, యంత్రం వాటిని అంచెలంచెలుగా తగ్గిస్తూ వాళ్ళ చెవిలో వేస్తుంది, వాళ్ళు తిరిగి చెప్పాలి. ఇరవై టన్నుల ఇనుము గాలిలో వేలాడుతున్నప్పుడు "ఆగు" అన్న మాట వినబడని మనిషి దాని కింద ఉండకూడదు కదా.

మాటల జాబితాలు రెండే ఉండేవి, తెలుగుది ఒకటి, హిందీది ఒకటి. ఫారంలో భాష అన్నచోట గళ్ళు కూడా రెండే. మన వైపు మనిషైతే మొదటిది, రైలెక్కి వచ్చినవాడైతే రెండోది, ముఖం చూసి టిక్కు పెట్టేవాణ్ని. అడిగేవాణ్ని కూడా కాదు.

ఆ ఏడాది చలి మొదలయ్యే ముందు ఒక రిగ్గర్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎర్రని ముఖం, తేనెరంగు కళ్ళు, మాటకు ముందు చిన్న నవ్వు. షాపులో అందరికీ కశ్మీర్ భాయ్. కొండల్లో సొరంగాలు తవ్వే పనుల్లో బరువులెత్తడం నేర్చుకుని, ఒక కాంట్రాక్టర్ వెంట ఇంతదూరం వచ్చి ఎనిమిదేళ్ళయింది. కూతల పరీక్షలో కొంచెం లోపం కనబడింది, అది ఆ షాపులో అందరికీ ఉన్నదే. హిందీ మాటల పరీక్షలో మాత్రం శబ్దం మోతాదు తగ్గేకొద్దీ సగానికి సగం తప్పు చెప్పాడు. నారియల్ అంటే నోరు తెరిచి నన్ను చూశాడు. నేను ఫారం మీద 'రిగ్గింగ్ పనికి పనికిరాడు' అని రాసి, ముద్ర కొట్టి, టిఫిన్ డబ్బా తెరిచాను.

అది ఇంకా మూయకముందే క్రేన్ ఆపరేటర్ ఊడిపడ్డాడు. పటేల్‌గూడ పక్కన పొలం ఉన్న ఆసామి, నోటికి తాళం లేని మనిషి. ఆ రిగ్గర్‌తో ఎనిమిదేళ్ళ జోడీ.

"ఏంది సారూ గిది? గా మనిషికి చెవుడని రాసిన్రట! నా క్రేన్ తాడు జెర కిర్రుమంటే నాకంటె ముందు ఆయనకే ఇనబడ్తది. పోయిన ఎండకాలం ఆయన ఒర్రకపోతే గంత పెద్ద గేర్‌డబ్బాను గోడకు గుద్దుతుంటి నేను!"

"మిషన్ ఏం చెప్తే గదే రాసిన. ఇండ్ల నాదేమున్నది?" అన్నాను.

"మిషన్ చెప్పిందా, నువ్వు చెప్పినవా?" అన్నాడు, మర్యాద ఒక్కసారిగా కిందికి దించేసి. "కాంట్రాక్టర్ ఆయనను సోమవారం రైలెక్కిస్తనంటున్నడు. ఊర్ల మంచు పడితే ఆరు నెల్లు రోడ్డే ఉండదట, పనేడిది? ఇంటిల్లిపాది ఆయన మీద్నే బతుకుతున్నరు. జెర సూడు సారూ."

అతని వెనకే తలుపు దగ్గర ఆ రిగ్గర్ నిలబడి ఉన్నాడు. కోపం లేదు ముఖంలో, నాకు అదే ఇబ్బందిగా అనిపించింది. షాపులో నేర్చుకున్న మన యాసకు తన హిందీ కలిపి మెల్లగా అడిగాడు.

"సార్, మీ ఆవాజ్ ఇనబడ్డది. మాట సమజ్ కాలే. ఆవాజ్ సన్నగ, ధీమా అయితే హిందీ నాకు జల్దీ దొరకదు. ఇనబడకపోవుడు, సమజ్ కాకపోవుడు... రెండూ ఒకటేనా సార్?"

ఎంత చదివావని ఎవరూ అడగని మనిషి, నా ఉద్యోగానికి మూలమైన ప్రశ్న అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు. నిజమే, గొంతు సన్నబడినప్పుడు మనం సగం చెవితో వింటాం, సగం అలవాటుతో ఊహిస్తాం. పుట్టిన భాషైతే ఆ ఊహ తనంతట తానే వస్తుంది. బజారులో నేర్చుకున్న భాషైతే రాదు. సిగ్గేసింది, కానీ సిగ్గుపడ్డట్టు కనబడకూడదు కదా, పెద్దరికం ఒకటి!

"కశ్మీరీ జాబితా కావాలన్నమాట. ముందే చెప్పొద్దా? ఆదివారం రా" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. చెవుల సార్ వినిపించుకోలేదు.

మా దవాఖానా డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నిక్కచ్చి మనిషి. "సరే, మళ్ళీ చేయండి. కానీ జాలితో పాస్ చేస్తే నేను సంతకం పెట్టను. రేపు కింద ఉండేది ఆయన తలే" అని, కాంట్రాక్టర్‌తో మాట్లాడి పది రోజులు గడువు ఇప్పించింది.

బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే యూనిట్‌లో శ్రీనగర్ నుంచి వచ్చిన కెమిస్ట్ ఒకాయన నాకు తెలుసు. ఆదివారం షేర్ ఆటోలో ఆయన్ని పట్టుకొచ్చాను. ఆయన కశ్మీరీ మాటలు చక్కగా చదివాడు. మా రిగ్గర్ ఈసారి హిందీలో కంటే తక్కువ చెప్పాడు! కెమిస్ట్ ఇయర్‌ఫోన్ తీసి పకపకా నవ్వాడు.

"సాబ్, ఈయన గురేజ్ మనిషి. కశ్మీరీ వీళ్ళు మా బజారుకొచ్చి నేర్చుకుంటారు. ఇంట్లో మాట్లాడేది షీనా. ఇద్దరు షీనా వాళ్ళు మాట్లాడుకుంటే నాక్కూడా ఒక్క ముక్క తెలియదు."

"మొన్న గదే చెప్పబోయిన సార్" అన్నాడు రిగ్గర్, ఆ చిన్న నవ్వుతోనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను శిక్షణకని ఉత్తరాదికి పంపారు. అక్కడి మెస్సువాడు మూడు నెలలపాటు నన్ను మద్రాసీ అని పిలిచాడు. నాది తెలుగురా నాయనా అని మొత్తుకున్నా వాడికి పట్టలేదు, నేను లోలోపల ఉడికిపోయేవాణ్ని. సరిగ్గా వాడు చేసిన పనే నేను ఒక మనిషికి రెండుసార్లు చేశాను. అందులోనూ ముద్ర కొట్టి మరీ చేశాను.

ఆ సాయంత్రం తప్పు దిద్దుకోవాలని పటేల్‌గూడలో రిగ్గర్ ఉండే కిరాయి గదికి వెళ్ళాను. ఉప్పు వేసిన చాయ్ ఇచ్చాడు. మొదటి గుటకకు నా ముఖం ఎలా పెట్టానో ఏమో, నా పక్కనే ఉన్న క్రేన్ ఆపరేటర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను ఎనిమిదేండ్ల సంది తాగుతున్న సారూ, రెండో కప్పుకెల్లి మంచిగనే ఉంటది" అన్నాడు. నిజంగానే బాగుంది.

షీనా గురించి నాకు తెలిసిందంతా ఆ గదిలో మొదలైంది. మా వైపు ఎవరూ ఆ పేరు విని ఉండరు, అందుకే కొంచెం చెబుతాను. హిమాలయాల్లో ఎత్తైన లోయల భాష అది. మన దేశంలో గురేజ్, దాని ఎగువన తులైల్, ఇంకోపక్క ద్రాస్, ఈ లోయల్లో మాట్లాడతారు. కానీ షీనా వాళ్ళలో ఎక్కువమంది సరిహద్దు గీత అవతల గిల్గిత్, అస్తోర్, చిలాస్ వైపు ఉన్నారు. గీత గీసినవాళ్ళు భాషను అడిగి గీయలేదు. మా రిగ్గర్ వాళ్ళ నాన్నమ్మ అక్క అవతలి ఊళ్ళోనే ఉండిపోయింది. కిషన్‌గంగ నది మాత్రం ఇటు నుంచి అటు పారుతుంది, దానికి కాగితాలు అక్కర్లేదు. అవతలి రేడియోలో షీనా పాట వస్తే వీళ్ళ ఇళ్ళలో గిన్నెలు కడిగే చప్పుడు కూడా ఆపేసేవారట.

ఇళ్ళు దుంగల మీద దుంగలు పేర్చి కడతారు. కొండకనుమ మంచుతో మూసుకుపోతే నెలల తరబడి బయటి ప్రపంచం ఉండదు. ఆలుగడ్డలు, ఎండబెట్టిన కూరలు, కట్టెలు ముందే దాచుకుంటారు. భాష కశ్మీరీకి దూరపు చుట్టమే గానీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఒకటి నుంచి నాలుగు దాకా ఏక్, దు, చే, చార్ అని లెక్కపెట్టాడు, అంతవరకు మనకూ తెలిసినట్టే ఉంటుంది. ఆ తర్వాత మాటల్లోకి దిగితే అయోమయమే. నాలుక బాగా మడిచి పలికే శబ్దాలు కొన్ని ఉన్నాయి, మన యాభై ఆరు అక్షరాల్లో ఎక్కడా దొరకవు. ఒకే మాటను గొంతు పైకి లేపి అంటే ఒకలాగ, కిందికి దించి అంటే ఇంకోలాగ అర్థమయ్యే సందర్భాలూ ఉన్నాయట. అమ్మను ఆజే అంటారు. ఇదంతా నా చెవికి పట్టినంతవరకే సుమా, ఆ చెవి సంగతి ముందుముందు తెలుస్తుంది.

"బడిలో ఏం చదువుకున్నవు?" అని అడిగాను.

"ఉర్దూ సార్. షీనా బడిలో లేకుండె. ఇంట్ల ఉండె, పొలంల ఉండె." చాయ్ మళ్ళీ పోస్తూ అన్నాడు, "మా ఆజే నది ఒడ్డుకు నిలబడి పిలిస్తే అవతల కొండ మీదికెల్లి నేను జవాబిచ్చేటోణ్ని. చెవుడు అని తెలిస్తే ఆమె నమ్మదు సార్."

పరీక్షకు మాటల జాబితా కావాలి, కానీ పరీక్ష రాసేవాడినే ప్రశ్నపత్రం తయారుచేయమనలేం. వాళ్ళ ఊరి బడిపంతులు నంబరు తీసుకుని ఫోన్ చేశాను. నా హిందీ, ఆయన హిందీ కలిసి ఎలాగో దారినపడ్డాయి. ఇరవై అయిదు మామూలు మాటలు, అన్నీ ఒకే బలంతో, మధ్యలో కాస్త ఆగుతూ చదివి పంపమన్నాను. డాక్టరమ్మ ఆడగొంతు కూడా ఉంటే మంచిదన్న సంగతి చెప్పాను. ఆయన అన్నీ రాసుకున్నాడు. తర్వాత, "సాబ్, కింది నుంచి మా దగ్గరికి ఎంతోమంది వస్తారు, కొండల ఫోటోలు తీసుకుని పోతారు. మా మాటలు పంపమని అడిగింది మీరే" అన్నాడు. పరీక్షలో మా మనిషి చెప్పే జవాబులు రికార్డు చేసి పంపితే తనే దిద్దుతానన్నాడు. షీనాలో తప్పేదో ఒప్పేదో నాకేం తెలుసు!

మూడోరోజు రికార్డు వచ్చింది. మొదటి నాలుగు మాటలు, చివర్లో కాస్త విన్నాను. చివర్లో ఒక ఆడగొంతు ఉంది, పెద్దావిడ గొంతు. ఓహో, మాస్టారు అదనంగా కొన్ని మాటలు ఆమెతో చదివించాడన్నమాట అనుకున్నాను. తెలియని భాషలో జాబితా ఎక్కడ ఆగుతుందో, ముచ్చట ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుస్తుంది? ఆ ఆడగొంతును అన్నిటికంటే తక్కువ మోతాదులో వినిపించాలని గుర్తు పెట్టుకున్నాను.

గడువు రేపు తీరుతుందనగా పొద్దున్నే పరీక్ష. రిగ్గర్ తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చాడు. డాక్టరమ్మ రెండో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మాది పాత యంత్రం, లోపలి మనిషి చెవిలోకి ఎంత వెళితే మా చెవిలోకీ అంతే వస్తుంది. క్రేన్ ఆపరేటర్ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. డబ్బాలో ఉన్న మనిషి మొదటి మాట తిరిగి చెప్పాడు. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. హిందీలో తడుముకునే మనిషి కాదు ఇతను. మాట తర్వాత మాట, రాయి మీద రాయి పేర్చినట్టు చెప్పుకుంటూ పోయాడు. అయిదు మాటలకోసారి మోతాదు తగ్గించాను. ఇరవై అయిదూ అయిపోయాయి. ఇక మిగిలింది ఆడగొంతు. మోతాదు అట్టడుగుకు దించాను.

నా చెవిలో ఏమీ రాలేదు. సన్నని సుయ్‌మన్న చప్పుడు తప్ప. రికార్డు అయిపోయిందేమోనని ఆపడానికి చెయ్యి చాపాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆగండి, నడుస్తోంది కదా" అంది.

అద్దంలో చూస్తే రిగ్గర్ మాటలు తిరిగి చెప్పడం లేదు. ఎదురు మాట్లాడుతున్నాడు. ఎవరికో జవాబిస్తున్నాడు, తల ఊపుతున్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు కూడా. మధ్యలో ఆజే, ఆజే అన్నది ఒక్కటే నాకు తెలిసింది.

బయటికి వచ్చాక అడిగితే చెప్పాడు. మాస్టారు మాటలన్నీ చదివి, ఫోన్ ఆపడం మరిచిపోయాడట. ఈయన వాళ్ళ అమ్మ అక్కడే కూర్చుని ఉంది. "నా కొడుక్కి చెవులు పోయాయంటున్నారు, నిజమేనా? అక్కడి ఎండకా? నేను మాట్లాడితే వాడికి వినబడుతుందా? తిన్నాడా లేదా అడుగు మాస్టారూ" అంటోంది. తనకు అదంతా వినబడిందట. వినబడుతోంది ఆజే, తిన్నాను ఆజే అని జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడట. "మాఫ్ చెయ్యిండ్రి సార్, పరీక్ష ఖరాబ్ చేసిన" అన్నాడు.

"ఖరాబ్ ఏంది? అంత సన్నగా పెడితే ప్రతి మాటా విని జవాబు చెప్పారు. ఇంతకంటే మంచి పరీక్ష నేను చూడలేదు" అంది డాక్టరమ్మ.

నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. "ఎప్పుడు మాట్లాడిందామె? మొన్న విన్న గొంతు ఇవాళ అసలు రాలేదు కదా!" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు అదోలా చూసింది. "మీకు వినబడలేదా? నాకు స్పష్టంగా వినబడింది."

"నాక్కూడ ఏం ఇనబడలే సారూ" అన్నాడు క్రేన్ ఆపరేటర్, నన్ను కాపాడాలని.

"నీకు ఇయర్‌ఫోన్ లేదు కదయ్యా!" అంది డాక్టరమ్మ. తర్వాత చాలా మెత్తగా, "మీరోసారి లోపల కూర్చోండి" అంది.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డదంటారే, అదే జరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి చెవుల డబ్బాలోకి వెళ్ళి కూర్చున్నాను. లోపల తలుపు వేశాక తెలిసింది, ఎంత భయంగా ఉంటుందో. చేతిలో మీట పట్టుకుని కూత కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, అద్దం అవతల ఆమె ఒకదాని తర్వాత ఒకటి వేస్తూనే ఉంది. నేను నొక్కింది చాలా తక్కువ. దవాఖానా వెనక గోడకు ఆనుకునే కంప్రెసర్ ఉండేది, ఏళ్ళ తరబడి మోగింది. మేము మోత ఉన్న షాపులవాళ్ళం కాదు గనుక పరీక్షల జాబితాలో మా పేర్లు లేవు. ఇన్నాళ్ళూ నేను దీపం చూసి, యంత్రం ముల్లు చూసి నెట్టుకొచ్చాను. ఇంట్లో మా ఆవిడ "ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని" అంటే విసుగనుకున్నాను.

మర్నాడు మాస్టారు దిద్దిన పేపరు వచ్చింది. ఇరవై అయిదుకు ఇరవై నాలుగు. మిగిలిన ఒక్కటి కూడా తప్పు కాదు, వాళ్ళ వాడ పలుకుబడి అలాగే ఉంటుందని కింద రాశాడు. మా రిగ్గర్ ఆ మధ్యాహ్నమే క్రేన్ కిందికి వెళ్ళాడు. పైనుంచి ఆపరేటర్ హారన్ ఎంతసేపు కొట్టాడో, షాపు ఇన్‌చార్జి వచ్చి తిట్టేదాకా కొట్టాడు.

నాకు ఇంకో పని మిగిలింది. డబ్బాలోంచి వచ్చే జవాబులను నా చెవితో విని తప్పొప్పులు వేసినవాణ్ని కదా, ఎంతమందికి అన్యాయం చేశానో? రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి నా చెవుల సంగతి నేనే కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ ఏడాది నేను పనికిరారని రాసినవాళ్ళందరికీ డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టింది. ఇద్దరు తిరిగి తమ పనిలోకి వెళ్ళారు. వాళ్ళలో ఒకాయన నన్ను నిలబెట్టి తిట్టాడు. తిట్టనివ్వండి, ఆయన తిట్లు నాకు బాగానే వినబడ్డాయి. ఫారంలో రెండు గళ్ళు తీసేసి, 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అని ఖాళీ గీత ఒకటి పెట్టించాం. దాని మీద మొదట రాసిన మాట షీనా. నా చేత్తోనే రాశాను.

ఆ తర్వాత ఏడాది రిటైరయ్యాను. చెవియంత్రం లేకపోతే ఇప్పుడు నాకు పక్కగదిలో ఫోన్ మోగినా తెలియదు, యంత్రం పెట్టుకుంటే మనవరాలి గుసగుసలు కూడా వినబడతాయి. ఈ వినికిడి ఆ కొండల మనిషి పెట్టిన భిక్షే. ఆయన ప్రశ్న అడగకపోతే, ఆ తల్లి ఫోన్ దగ్గర కూర్చోకపోతే, మాస్టారు మరిచిపోకుండా ఫోన్ ఆపేసి ఉంటే, నేను ఇంకా చెవిటితనాన్ని గౌరవంగా మోసుకుంటూ తిరిగేవాణ్ని. నా వల్ల కొలువు పోబోయిన మనిషికి నేను రుణపడ్డాను. ఆ మాట ఆయనతో అంటే, "ఉప్పు చాయ్ తాగుదాం పా సార్" అంటాడు.

మొన్న ఊళ్ళో మంచు మొదలైందని ఆయన వాళ్ళ అమ్మకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "ఆజే నీతోని మాట్లాడతదట సార్" అని ఫోన్ నా చేతికిచ్చాడు. చెవియంత్రం సర్దుకుని పెట్టుకున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. గొంతు ఒకచోట పైకి లేచింది, ఒకచోట కిందికి దిగింది, వెనక పొయ్యిలో కట్టె చిటపటమంది, మధ్యలో ఆమె ఒకసారి ఊపిరి తీసుకుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా వినబడింది.